అప్‌డేట్ తరువాత రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీగా ఉండిపోయింది, రీమౌంట్ కూడా కావడం లేదు

మసకతెర (ప్రశ్న)

నమస్కారం. నాలుగు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చిన సిస్టమ్ అప్‌డేట్లన్నీ నిన్న రాత్రి ఒకేసారి వేశాను. నాది డెబియన్ 12 లినక్స్. రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండే భాగం) ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. డిస్క్ మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ. కొత్త కెర్నల్‌తో సహా రెండు వందల పైచిలుకు ప్యాకేజీలు మారాయి. అప్‌డేట్ జరిగినంతసేపూ ఒక్క ఎర్రర్ కూడా కనిపించలేదు. రీబూట్ చేశాక మాత్రం లాగిన్ తెర వస్తోంది, పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక క్షణం నల్లబడుతోంది, మళ్ళీ అదే లాగిన్ తెర వచ్చి కూర్చుంటోంది.

కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ కాగలిగాను. అక్కడ కమాండ్ సగం కొట్టి ట్యాబ్ నొక్కినప్పుడల్లా, హియర్-డాక్యుమెంట్ కోసం తాత్కాలిక ఫైల్‌ను సృష్టించలేకపోతున్నానని, ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీగా ఉందని బాష్ (కమాండ్లు తీసుకునే షెల్) మొరపెట్టుకుంటోంది. రూట్ మొత్తం రాయడానికి వీల్లేకుండా ఉండిపోయిందని అప్పుడు అర్థమైంది.

ఆ తరువాత మౌంట్ కమాండ్‌కు రీమౌంట్ (మళ్ళీ మౌంట్ చేయడం), ఆర్‌డబ్ల్యూ (రీడ్-రైట్) ఎంపికలిచ్చి రూట్‌ను తెరవబోయాను. మౌంట్ పాయింట్ మౌంట్ అయి లేదని, లేదా ఎంపిక తప్పని జవాబు వచ్చింది. రూట్ మౌంట్ కాకుండానే సిస్టమ్ నడుస్తోందా అని కాసేపు తల పట్టుకున్నాను. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ప్రోగ్రామ్) నడిపితే ఫైల్‌సిస్టమ్ క్లీన్ అని చెప్పింది. స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే) వివరాల్లో చెడిపోయిన సెక్టార్లు సున్నా. డీమెస్గ్‌లో (కెర్నల్ సందేశాల జాబితాలో) ఎర్రర్ అనే పదం కోసం వెతికితే ఈఎక్స్‌టీ4కు సంబంధించి ఏమీ దొరకలేదు. గ్రబ్ (బూట్ చేయించే ప్రోగ్రామ్) మెనూ నుంచి పాత కెర్నల్‌ను ఎంచుకుని బూట్ చేసినా ఇదే వరస.

కొత్త అప్‌డేట్లలో ఏదో తేడా ఉందని నా అనుమానం. ఇది మరమ్మతుకు లొంగేదేనా, లేక డేటా బయటకు తీసి సిస్టమ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే మేలా?

జర్నల్‌చదువరి

తిరిగి ఇన్‌స్టాల్ చేసే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే డిస్క్‌కు గాని, ఫైల్‌సిస్టమ్‌కు గాని ఏమీ కాలేదు.

రూట్ రీడ్-ఓన్లీగా కనిపించినప్పుడు మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: అది బూట్ మొదలైనప్పటి నుంచీ అలాగే ఉందా, లేక కొంతసేపు రాయనిచ్చి ఆ తరువాత మూసుకుపోయిందా? తెర మీద రెండింటికీ వచ్చే సందేశం ఒకటే, కారణాలు మాత్రం పూర్తిగా వేరు. రెండో రకంలో కెర్నల్‌కు డిస్క్ మీద గాని, మెటాడేటాలో గాని ఏదో తప్పు తగిలి, ఇంకా పాడు కాకుండా తానే తలుపు వేసుకుంటుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ ఎఫ్‌స్టాబ్ (ఏ పార్టిషన్‌ను ఎక్కడ, ఏ ఎంపికలతో మౌంట్ చేయాలో రాసి ఉండే ఫైల్) లోని రూట్ వరుసలో సాధారణంగా చేర్చే ఎర్రర్స్=రీమౌంట్-ఆర్‌ఓ అనే ఎంపిక ఉన్నది అందుకే. అలాంటప్పుడు లాగ్ చదవకుండా బలవంతంగా రీడ్-రైట్ చేయబోవడం, రక్తం కారుతుంటే కట్టు విప్పినట్టే అవుతుంది.

మీది మొదటి రకం అనిపిస్తోంది. లినక్స్‌లో బూట్ సమయంలో రూట్ మొదట రీడ్-ఓన్లీగానే మౌంట్ అవుతుంది. గ్రబ్ తయారు చేసే కెర్నల్ కమాండ్ లైన్‌లో ఆర్‌ఓ (రీడ్-ఓన్లీ) అనే మాట ఉండేది ఇందుకే. ఫైల్‌సిస్టమ్ తనిఖీ ముగిశాక సిస్టమ్‌డీ-రీమౌంట్-ఎఫ్‌ఎస్ అనే సర్వీస్ ఒక్కసారి నడిచి, /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్‌లో రూట్ వరుసను చదివి, అక్కడున్న ఎంపికలతో రూట్‌ను రీమౌంట్ చేస్తుంది. మనం రోజూ చూసే రీడ్-రైట్ రూట్ ఆ ఒక్క అడుగు వల్ల వచ్చేదే. అది తప్పితే డిస్క్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా రూట్ మూసే ఉంటుంది.

మీకు వచ్చిన జవాబులో మొదటి సగాన్ని పట్టించుకోకండి, అది అందరినీ తప్పుదోవ పట్టించేదే. కెర్నల్ ఎంపికను తిరస్కరించినప్పుడు మౌంట్ కమాండ్‌కు అసలు కారణం తెలియక, రెండు అవకాశాలనూ కలిపి ఒకే వాక్యంలో చెబుతుంది. ఎంపిక తప్పు అన్న రెండో సగమే మీకు పనికొచ్చేది. మీరు చేత్తో ఇచ్చిన ఎంపికలు సరైనవే కదా అంటారేమో; మౌంట్ పాయింట్‌ను మాత్రమే ఇచ్చి రీమౌంట్ చేయమంటే ఆ కమాండ్ కూడా ఎఫ్‌స్టాబ్‌ను తెరిచి, అక్కడి ఎంపికలను మీ ఎంపికలతో కలుపుకుంటుంది. అందువల్ల బూట్‌లో సర్వీస్‌కు అడ్డుపడిన తప్పే ఇప్పుడు మీకూ అడ్డుపడుతూ ఉండవచ్చు.

మూడు విషయాలు రాయండి: సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో సిస్టమ్‌డీ-రీమౌంట్-ఎఫ్‌ఎస్ ఏమంటోంది, ఎఫ్‌స్టాబ్‌లో రూట్ వరుస యథాతథంగా ఎలా ఉంది, /ప్రాక్/సీఎండీలైన్‌లో (కెర్నల్ కమాండ్ లైన్‌ను చూపే ఫైల్‌లో) ఆర్‌ఓ ఉందా ఆర్‌డబ్ల్యూ ఉందా. డీమెస్గ్‌లో ఎర్రర్ అనే పదాన్ని వెతకడం మానేసి, ఈఎక్స్‌టీ4 అని ఉన్న వరుసలన్నీ చదవండి. కెర్నల్ చెప్పే చెడ్డ వార్తల్లో చాలావాటిలో ఎర్రర్ అన్న పదమే ఉండదు.

మసకతెర

మీరు చెప్పినట్టే ఉంది. సర్వీస్ స్థితి ఎర్ర అక్షరాల్లో ఫెయిల్డ్ అని ఉంది. డీమెస్గ్‌లో కంప్రెస్ అనే పరామితి తనకు తెలియదని ఈఎక్స్‌టీ4 చెప్పిన వరుస ఒకటి కనిపించింది. నేను నిన్నటి నుంచీ దాని పక్క నుంచే వెళ్తున్నాను. కమాండ్ లైన్‌లో ఆర్‌ఓ ఉంది. ఎఫ్‌స్టాబ్‌లో రూట్ వరుస ఇది: యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) సరిపోయింది, మౌంట్ పాయింట్ /, రకం ఈఎక్స్‌టీ4, ఎంపికల గడిలో నోఎటైమ్,కంప్రెస్=జెడ్‌ఎస్‌టీడీ:1,ఎర్రర్స్=రీమౌంట్-ఆర్‌ఓ.

ఇది చూశాక పాత సంగతి గుర్తొచ్చింది, కొంచెం సిగ్గుగానే చెబుతున్నాను. నాలుగు నెలల క్రితం ఈ ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (ఇంకో రకం ఫైల్‌సిస్టమ్) వాడుతున్న నా ఇంకో కంప్యూటర్ ఎఫ్‌స్టాబ్ నుంచి కొన్ని ఎంపికలను కాపీ చేశాను. అప్పుడూ ఇలాగే రూట్ రీడ్-ఓన్లీగా వచ్చింది. గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ e అక్షరం నొక్కి, ఆర్‌ఓను ఆర్‌డబ్ల్యూగా మార్చి బూట్ చేస్తే అంతా సవ్యంగా నడిచింది. ఆ మార్పునే గ్రబ్.సీఎఫ్‌జీ ఫైల్‌లో రాసేసి, పని అయిపోయిందనుకుని మరచిపోయాను. అయితే అప్‌డేట్ ఏం చేసినట్టు? ఎఫ్‌స్టాబ్‌ను అది ముట్టుకోలేదు కదా?

జర్నల్‌చదువరి

ముట్టుకోలేదు. అప్‌డేట్ మీ ముసుగును తీసింది, అంతే.

గ్రబ్.సీఎఫ్‌జీ మనం రాసే ఫైల్ కాదు. దాని మొదటి వరుసల్లోనే దీన్ని మార్చవద్దని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. డెబియన్‌లో కొత్త కెర్నల్ ప్యాకేజీ వేసిన ప్రతిసారీ అప్‌డేట్-గ్రబ్ నడిచి ఆ ఫైల్‌ను మొదటి నుంచి తయారు చేస్తుంది, ప్రతి కెర్నల్ వరుసలోనూ ఆర్‌ఓ అని పెడుతుంది. మీరు నాలుగు నెలలు కెర్నల్ అప్‌డేట్ వేయలేదు కనుక మీ చేతిరాత అన్నాళ్ళు నిలిచింది. పాత కెర్నల్‌తో బూట్ చేసినా ఫలితం మారకపోవడానికి కారణమూ ఇదే: పాత కెర్నల్ వరుస కూడా నిన్న కొత్తగా రాసినదే. ఈ నాలుగు నెలల్లోనూ ప్రతి బూట్‌లో రీమౌంట్ సర్వీస్ విఫలమవుతూనే ఉండి ఉంటుంది. రూట్ అప్పటికే రీడ్-రైట్‌గా ఉండడం వల్ల ఎవరికీ తెలియలేదు.

మరమ్మతు చిన్నదే. మౌంట్ కమాండ్‌కు డివైస్ పేరు, మౌంట్ పాయింట్ రెండూ ఇస్తే అది ఎఫ్‌స్టాబ్‌ను చూడదు. కనుక ఫైండ్‌ఎంఎన్‌టీతో (ఏది ఎక్కడ మౌంట్ అయిందో చూపే కమాండ్‌తో) రూట్ డివైస్ ఏదో తెలుసుకుని, అది /డెవ్/ఎస్‌డీఏ2 అయితే ఇలా రాయండి:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /డెవ్/ఎస్‌డీఏ2 /

రూట్ తెరుచుకున్నాక ఎఫ్‌స్టాబ్‌ను ముందు ఒక కాపీ తీసి, కంప్రెస్ భాగాన్ని దాని కామాతో సహా తీసేయండి. ఈఎక్స్‌టీ4కు కంప్రెషన్ లేదు, ఆ ఎంపిక బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ది. కామాల మధ్య ఖాళీ వదలకండి. ఖాళీ పడితే మిగిలిన ఎంపికలు తరువాతి గడిలోకి జారి, ఇంకో తలనొప్పి మొదలవుతుంది. ఆ తరువాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ నడిపి, ఈసారి డివైస్ పేరు ఇవ్వకుండా మౌంట్ -ఓ రీమౌంట్ / అని మాత్రమే కొట్టండి. బూట్‌లో సర్వీస్ చేసే పనే ఇది. మౌనంగా ముగిస్తే రీబూట్ చేయవచ్చు. ఏదైనా అంటే రీబూట్ చేయకుండా వరుసను మళ్ళీ చూడండి. ఫైండ్‌ఎంఎన్‌టీకి వెరిఫై అనే ఎంపిక ఉంది గాని, లేని యూయూఐడీని, తప్పు ఫైల్‌సిస్టమ్ రకాన్ని పట్టుకున్నంత బాగా అది ఫైల్‌సిస్టమ్ సొంత ఎంపికల తప్పును పట్టుకోదు. మీ తప్పు సరిగ్గా ఆ కోవదే.

రూట్ మూసి ఉన్నప్పుడు ఏదైనా ప్యాకేజీ పని సగంలో ఆగి ఉంటే డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ ఒకసారి నడపండి. గ్రబ్‌లో ఆర్‌డబ్ల్యూను మాత్రం తిరిగి పెట్టవద్దు.

చిన్నపెట్టె

ఇది మసకతెర గారి సమస్య కాదు గాని, ఇదే శీర్షిక చూసి వచ్చేవారి కోసం చెబుతున్నాను. కొన్ని సిస్టమ్‌లలో రూట్ రీడ్-ఓన్లీగా ఉండడమే అసలు పద్ధతి. ఫెడోరా సిల్వర్‌బ్లూలో /యూఎస్‌ఆర్ రాయడానికి వీలు లేకుండానే ఉంటుంది. ఓపెన్‌సూసే మైక్రోఓఎస్‌లోనూ, స్టీమ్‌ఓఎస్‌లోనూ రూట్‌ది ఇదే పద్ధతి. అక్కడ అప్‌డేట్లు వేరే మార్గంలో వస్తాయి, మామూలుగా ప్యాకేజీ వేయబోతే ఇవే సందేశాలు కనిపిస్తాయి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద స్నాపర్ (స్నాప్‌షాట్లు, అంటే సిస్టమ్ పాత స్థితుల నకళ్ళు, తీసే ప్రోగ్రామ్) వాడేవారు అప్‌డేట్ బెడిసికొట్టిందని గ్రబ్ మెనూ నుంచి పాత స్నాప్‌షాట్‌ను బూట్ చేస్తే, అదీ రీడ్-ఓన్లీగానే తెరుచుకుంటుంది. అది సరిగా ఉందని నిర్ధారించుకున్నాక స్నాపర్ రోల్‌బ్యాక్ చేసి రీబూట్ చేయాలి. లేని జబ్బుకు మందు వేయకముందు మీరు ఏ సిస్టమ్‌లో, ఏ స్నాప్‌షాట్‌లో ఉన్నారో చూసుకోండి.

రాత్రిసర్వర్

నా పరిస్థితి జర్నల్‌చదువరి గారు చెప్పిన రెండో రకం అనుకుంటున్నాను, అందుకే ఇక్కడే అడుగుతున్నాను. ఎన్‌వీఎంఈ డిస్క్ (ఒక రకం ఎస్‌ఎస్‌డీ) ఉన్న చిన్న సర్వర్‌లో గత వారం కెర్నల్ అప్‌డేట్ వేశాను. బూట్ చక్కగా అవుతుంది, ఐదారు గంటలు బాగా నడుస్తుంది, సాధారణంగా పని లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు రూట్ రీడ్-ఓన్లీ అయిపోతుంది. రీమౌంట్ చేయబోతే ఒప్పుకోదు. కొన్నిసార్లు ఎల్‌ఎస్ కమాండ్ కూడా ఇన్‌పుట్/ఔట్‌పుట్ ఎర్రర్ ఇస్తుంది. రీబూట్ చేస్తే ఏమీ జరగనట్టే లేచి కూర్చుంటుంది. జర్నల్‌సీటీఎల్‌లో గత బూట్ లాగ్ చూస్తే సంఘటన జరిగిన నిమిషానికి ముందే ఆగిపోయింది. పాత కెర్నల్‌తో రెండు రోజులు నడిపాను, సమస్య రాలేదు. కెర్నల్‌లోనే బగ్ ఉన్నట్టా?

పాతటెర్మినల్

రాత్రిసర్వర్ గారూ, ఇంకేమీ చేయకముందు ముఖ్యమైన డేటాను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కారణం తెలిసేలోపు ఆ డిస్క్‌ను నమ్మడానికి లేదు.

మీ లాగ్ ఆగిపోవడం సహజం. జర్నల్ రాసుకునేది ఆ డిస్క్ మీదే, కాబట్టి డిస్క్ చేతులెత్తేసిన క్షణాన సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ ద్వారా) లాగిన్ అయి, డీమెస్గ్ -డబ్ల్యూ నడిపి ఆ విండోను అలాగే తెరిచి ఉంచండి. డిస్క్ పోయినా, అప్పటికే మెమరీలో ఉన్న ఆ ప్రోగ్రామ్ చివరి వరుసల వరకూ అవతలి తెరకు పంపుతూనే ఉంటుంది. శాశ్వతంగా కావాలంటే నెట్‌కన్సోల్ (కెర్నల్ సందేశాలను నెట్‌వర్క్ ద్వారా పంపే సదుపాయం) ఉంది గాని, ఈ ఒక్క రాత్రి కాపలాకు ఎస్‌ఎస్‌హెచ్ చాలు.

ఆ వరుసల్లో చూడవలసింది క్రమం. చాలామంది చివర వచ్చే ఈఎక్స్‌టీ4, జేబీడీ2 (ఈఎక్స్‌టీ4 సొంత జర్నల్‌ను నడిపే భాగం) వరుసలను చూసి ఫైల్‌సిస్టమ్ పాడైందని ఎఫ్‌ఎస్‌సీకే వెంట పడతారు. జేబీడీ2 తన సందేశంలో చెప్పే -5 అనే సంఖ్య ఇన్‌పుట్/ఔట్‌పుట్ ఎర్రర్‌కు గుర్తు. అంటే అడుగున ఉన్న డివైస్ జవాబివ్వలేదని ఫైల్‌సిస్టమ్ ఫిర్యాదు చేస్తోందే తప్ప, తప్పు తనది కాదు. ఫైల్‌సిస్టమ్ సొంత జర్నల్ ఆగిపోయాక ఈఎక్స్‌టీ4 మళ్ళీ రీడ్-రైట్ కావడానికి ఒప్పుకోదు, మీ రీమౌంట్ విఫలమవడానికి కారణం అదే. ఈ వరుసలకు పైన ఎన్‌వీఎంఈ కంట్రోలర్ డౌన్ అయింది, రీసెట్ చేస్తున్నాను అనే వరుస ఉందేమో చూడండి. అక్కడ స్టేటస్ రిజిస్టర్ విలువ అన్నీ ఎఫ్‌లుగా ఉంటే, పీసీఐఈ బస్సు (డిస్క్‌ను మదర్‌బోర్డుతో కలిపే మార్గం) మీద డివైస్ అసలు పలకడం లేదని అర్థం.

ఖాళీగా ఉన్నప్పుడే జరుగుతోందన్న మీ మాట నన్ను పవర్ సేవింగ్ వైపు చూడమంటోంది. లినక్స్ కెర్నల్ 4.11 (2017) నుంచి ఎన్‌వీఎంఈ డిస్క్‌లు పని లేనప్పుడు తమంతట తామే లోతైన నిద్ర స్థితుల్లోకి జారుకునే ఏపీఎస్‌టీ సదుపాయం ఉంది. కొన్ని డిస్క్‌లు, కొన్ని మదర్‌బోర్డులు ఆ నిద్ర నుంచి లేవలేవు. అలాంటి ఒక్కొక్క మోడల్‌కూ కెర్నల్‌లో మినహాయింపులు చేర్చుతూ వస్తారు. కెర్నల్ మారినప్పుడు విద్యుత్ పొదుపు ప్రవర్తన మారి, అంతవరకు దాక్కున్న బలహీనత బయటపడవచ్చు.

కెర్నల్ బగ్ అసలు ఉండదని నేను అనడం లేదు. 2023 డిసెంబర్‌లో డెబియన్ 12.3 విడుదలను చివరి నిమిషంలో ఆపవలసి వచ్చింది, ఎందుకంటే అందులో ఉండబోయిన 6.1.64 కెర్నల్‌లో ఈఎక్స్‌టీ4 డేటాను పాడుచేసే లోపం ఉంది. మరుసటి రోజే 6.1.66తో 12.4ను విడుదల చేశారు. అయితే అది డేటాను చప్పుడు లేకుండా పాడుచేసింది, మీ డిస్క్ కనబడకుండా పోతోంది. రెండూ ఒకటి కావు.

ఇంకో చిన్న ఆధారం: ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎల్ ఇచ్చే జాబితా చివర మొదటి ఎర్రర్ సమయం అనే వరుస ఉందేమో చూడండి. ఈఎక్స్‌టీ4 తాను మొదటిసారి తప్పును గమనించిన తేదీని సూపర్‌బ్లాక్‌లో (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాలుండే చోట) రాసి పెట్టుకుంటుంది. ఆ తేదీ అప్‌డేట్ కంటే ముందుదైతే అప్‌డేట్‌ను నిందించడం మానవచ్చు. ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే అది చెరిగిపోతుంది కాబట్టి ముందే చూసుకోండి. డిస్క్ హఠాత్తుగా మాయమైన సందర్భాల్లో రాసే అవకాశమే ఉండదు, కనుక ఆ వరుస లేనంత మాత్రాన ఏమీ రుజువు కాదు.

రాత్రిసర్వర్

రెండో రాత్రికే దొరికింది. కంట్రోలర్ డౌన్, స్టేటస్‌లో అన్నీ ఎఫ్‌లు, ఆ కిందనే మీ డివైస్‌లో లోపమున్న పవర్ సేవింగ్ మోడ్ ఆన్‌లో ఉందా అని కెర్నల్ నన్నే అడిగింది. ఏ పరామితులు వాడి చూడాలో కూడా అదే రాసింది. ఈ మాటలు ఇన్నాళ్ళు డిస్క్ మీదికి చేరకుండానే పోయాయి. మొదటి ఎర్రర్ సమయం వరుస నా డిస్క్‌లో లేదు. స్మార్ట్ జాబితాలో క్రిటికల్ వార్నింగ్ సున్నా, అరుగుదల 4 శాతం.

/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో ఎన్‌వీఎంఈ_కోర్.డిఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్=0 చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడిపాను (పై సంభాషణ చదివాను కనుక గ్రబ్.సీఎఫ్‌జీ జోలికి పోలేదు). ఆరు రోజులైంది, రూట్ తెరిచే ఉంది. ఇలాగే వదిలేయవచ్చా?

పాతటెర్మినల్

సర్వర్ కనుక వదిలేయవచ్చు. సున్నా అంటే ఏపీఎస్‌టీ పూర్తిగా ఆగిపోయినట్టు, డిస్క్ కొంచెం వెచ్చగా ఉంటుంది, కొంచెం ఎక్కువ విద్యుత్ తాగుతుంది. ల్యాప్‌టాప్ అయితే అంత దూరం వెళ్ళనక్కర్లేదు. ఆ పరామితి మైక్రోసెకన్లలో ఉండే హద్దు, మామూలుగా 100000. ఎన్‌వీఎంఈ ఐడీ-సీటీఆర్‌ఎల్ కమాండ్ ప్రతి నిద్ర స్థితికీ లోపలికి వెళ్ళేందుకు, బయటికి వచ్చేందుకు పట్టే సమయాలను చూపిస్తుంది. అన్నిటికంటే లోతైన స్థితికి పట్టే ఆ రెండు సమయాల మొత్తం కంటే తక్కువగా హద్దు పెడితే, ఆ ఒక్క స్థితి మూతపడి మిగిలిన పొదుపు కొనసాగుతుంది. డిస్క్ తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చారేమో కూడా చూడండి, వేసే ముందు బ్యాకప్ తప్పనిసరి.

ఇన్నిసార్లు హఠాత్తుగా ఆగింది కాబట్టి లైవ్ యూఎస్‌బీ నుంచి ఒకసారి పూర్తి ఎఫ్‌ఎస్‌సీకే నడపండి. లైవ్ యూఎస్‌బీ మీ సిస్టమ్ కంటే పాతది కాకుండా చూసుకోండి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ (ఎఫ్‌ఎస్‌సీకే వంటి ఈఎక్స్‌టీ4 పనిముట్ల ప్యాకేజీ) 1.47.0 కొత్త ఈఎక్స్‌టీ4లలో ఆర్ఫన్ ఫైల్ అనే ఫీచర్‌ను డిఫాల్ట్‌గా పెట్టడం మొదలుపెట్టింది; అలా ఫార్మాట్ చేసిన డిస్క్‌ను పాత ఎఫ్‌ఎస్‌సీకేకు ఇస్తే, ఫీచర్_సీ12 తనకు తెలియదని తనిఖీకే నిరాకరిస్తుంది. దాన్ని చూసి డిస్క్ పోయిందని కంగారు పడినవారు ఉన్నారు.

మసకతెర

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. డివైస్ పేరు ఇచ్చి రీమౌంట్ చేయగానే రూట్ తెరుచుకుంది. ఎఫ్‌స్టాబ్‌లో కంప్రెస్ భాగాన్ని తీసేసి, డివైస్ పేరు లేకుండా రీమౌంట్ చేస్తే మౌనంగా ముగిసింది. రీబూట్ తరువాత /ప్రాక్/సీఎండీలైన్‌లో ఆర్‌ఓ అనే ఉంది, ఫైండ్‌ఎంఎన్‌టీలో ఆర్‌డబ్ల్యూ అని ఉంది, రీమౌంట్ సర్వీస్ స్థితి ఆకుపచ్చగా ఉంది. డీపీకేజీకి మిగిలిన పనేమీ లేదు. ఎఫ్‌స్టాబ్ ఎంపికలను కాపీ చేసి తెచ్చిన ఆ రెండో కంప్యూటర్‌ను కూడా తెరిచి చూశాను; అక్కడ రూట్ వరుసలో ఎర్రర్స్=రీమౌంట్-ఆర్‌ఓ లేదు, అది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కనుక ఉండనక్కర్లేదు కూడా. దాని గ్రబ్.సీఎఫ్‌జీలో నా చేతిరాత ఇంకెక్కడైనా మిగిలి ఉందేమోనని అప్‌డేట్-గ్రబ్ నడిపి, కంప్యూటర్ ఎదురుగా కూర్చుని రీబూట్ చేశాను. సవ్యంగానే లేచింది.